నైరుతి మూల తూము

పోయిన నెల మా తమ్ముడు మా రెండు కుటుంబాలకూ సరిపోయే క్యారవాన్ ఒకటి అద్దెకు తీసుకున్నాడు. చక్రాల మీద ఇల్లన్నమాట. మంచాలు, పొయ్యి, తలుపు గొళ్లెం సరిగ్గా పడే మరుగుదొడ్డి కూడా ఉన్నాయి. మూడో రోజు పొద్దున ఒకచోట బండి ఆపి, డ్రైవరు చేతులకు నీలం తొడుగులు వేసుకున్నాడు. బండి కడుపులోంచి ఏనుగు తొండమంత గొట్టం లాగి, నేలలో ఉన్న కంతకు తగిలించి, ఒక పిడి గుంజాడు. నాలుగు నిమిషాలు గళగళమంది. ఇంకో గొట్టంతో నీళ్లు వదిలి మూడు నిమిషాలు కడిగాడు. పిడి మూసి, సబ్బుతో చేతులు కడుక్కుని, చక్కెర తక్కువ వేసి టీ పెట్టమన్నాడు. నేను మాత్రం అక్కడే నిలబడి చూస్తున్నాను. "ఇంకేముందక్కా, అయిపోయింది" అన్నాడు తమ్ముడు. అయిపోవడమేమిటి? ఎవరూ ఎవర్నీ కొట్టలేదు. ఒక్క పన్ను రాలలేదు, ఒక్క చొక్కా చిరగలేదు, ఒక్కరి తల్లినీ ఎవరూ తలుచుకోలేదు. మా ఇంట్లో బండి ట్యాంకు కడగడమంటే అదొక కురుక్షేత్రం. ఆఖరుసారి కడిగిన రోజు ఒక మనిషి ప్రాణమే పోవలసింది.

తొంభైల చివరి మాట. మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, చిత్తూరు పక్కన మామిడి తోట చూసుకుంటూ ఉండేవాడు. ఉన్నట్టుండి ఒక పాత బస్సు వెనక సగం కొనుక్కొచ్చాడు. ముందు సగం ఏమైందో మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. బస్సు బాడీలు కట్టే షెడ్డులో ఆరు నెలలు పడుకుని, ఆ అరబస్సుకు మంచాలు, అద్దాలు, అటకలు, ఒక మరుగుదొడ్డి అమర్చి, ట్రాక్టరుకు తగిలించి ఇంటికి తెచ్చాడు. ఊరంతా దానికి ఇంటిబండి అని పేరు పెట్టింది. కాణిపాకం, కాళహస్తి, తిరుత్తణి, కంచి చూడాలనుకునే కుటుంబాలను అందులో ఎక్కించుకుని తిప్పేవాడు. ఎక్కిన వాళ్లు పుణ్యక్షేత్రం చేరేలోపు పక్కన నడిచేవాళ్లు ముందు చేరి, దర్శనం చేసుకుని, ఎదురొచ్చి పలకరించేవాళ్లంటే అతిశయోక్తి అనుకుంటారు, కాదు. అయినా చిన్నాయనకు ఆ బండంటే ప్రాణం. రోజూ తడిగుడ్డతో తుడిచేవాడు. దానికి సైకిలు ఆనించిన పాపానికి ఒక పోస్టుమ్యాన్‌ను పొలిమేర దాకా తరిమాడు. ఉత్తరాలు మూడు వారాలు మాకు పొలిమేరలోనే అందాయి.

ఆ మరుగుదొడ్డి కింద ఇనపరేకు ట్యాంకు ఒకటి వేలాడేది. చిన్నాయనకు కొలతలంటే పెళ్లి వంటల అంచనా. పదిమందికని చెబితే పాతికమందికి కట్టించుకొస్తాడు. మనిషి లోపల కూర్చుంటే తల తగలనంత ట్యాంకది. దాన్ని చేయించేటప్పుడే నగరి మామ రంగంలోకి దిగాడు. నగరి మామ అంటే మా చిన్నమ్మ తమ్ముడు. నగరిలో మరమగ్గాలు నడిపేవాడు, తీరిక ఉన్నప్పుడు వాస్తు చెప్పేవాడు. మగ్గాల చప్పుడుకు అలవాటుపడిన గొంతు కావడంతో ఆయన రహస్యంగా చెప్పిన వాస్తు కూడా మూడు వీధులకు వినిపించేది. అక్క బండికి అరిష్టం తగలకూడదని షెడ్డుకు వచ్చి కూర్చుని రెండు నియమాలు పెట్టాడు. ఒకటి, ఇంటికి పల్లం ఈశాన్యానికే ఉండాలి కాబట్టి ట్యాంకు అడుగు ఈశాన్యం మూలకు వాలి ఉండాలి. రెండు, ఈశాన్యంలోంచి మలినం బయటికి పోకూడదు కాబట్టి తూము నైరుతిలో ఉండాలి. రెండూ శాస్త్రమే. రెండూ కలిపి చూడండి. నీరు పారేది ఒక మూలకు, పోవలసిన దారి దానికి ఎదురు మూలలో, అదీ జానెడు ఎత్తున. ఆ ట్యాంకులో పడింది ప్రళయం దాకా ఉండవలసిందే.

"చక్రాలుండే బండికి ఈశాన్యమేందిరా? అది తిరిగితే మూలలు తిరగవా?" అని చిన్నాయన ఆనాడే అడిగాడు.

"బండి పుట్టేటప్పుడు యా మొకం జూసిందో అదే దానికి తూరుపు బావా. నువ్వు నగరికొస్తే నీ పేరు మారతాదా?" అన్నాడు మామ.

ఈ ప్రశ్నకు జవాబుగా చిన్నాయన మొదటి దెబ్బ వేశాడు. షెడ్డులోనే, వెల్డింగు రాడ్డుతో, తొడ మీద. మామ చేతికందిన బోల్టుల డబ్బా విసిరాడు. ఆ విధంగా శంకుస్థాపన జరిగింది.

తర్వాత ప్రతి యాత్రకూ ఒక యుద్ధం. బండి తిరిగి రాగానే తోటలో గుంత తవ్వేవాళ్లు. ట్యాంకులో పది బిందెల నీళ్లు, రెండు సీసాల ఫినాయిలు పోసి, మజ్జిగ చిలికినట్టు బండిని గతుకుల దారిలో నాలుగు చుట్లు తిప్పేవాళ్లు. ఆ తర్వాత ముందు ఎడమ మూలను, అంటే మామ గారి ఈశాన్యాన్ని, లారీ జాకీతో పైకి లేపితే సరుకు నైరుతికి చేరేది. అప్పుడు తూము తిప్పాలి. నగరి నుంచి మామ తప్పకుండా రావాలి. ఆయన లేకుండా తూము తిప్పితే అక్క ఇంటికి కీడట. వచ్చినవాడు ఊరుకోడు, జాకీ ఎక్కువ లేపావంటాడు. చిన్నాయన ఊరుకోడు, జాకీ రాడ్డు తీస్తాడు. ఒకసారి మామ మోకాలు, ఒకసారి చిన్నాయన చెవి, మరోసారి ఇద్దరి ముక్కులూ. మా చిన్నమ్మ చాపేసుకుని దూరంగా కూర్చునేది. ఒక పక్క పసుపు డబ్బా, ఇంకో పక్క కాఫీపొడి డబ్బా. తెగితే కాఫీపొడి అదుముతుంది, కమిలితే పసుపు పట్టేస్తుంది. ఆ ఏడాది మా ఇంట్లో తాగడానికి కాఫీ ఉండేది కాదు. ఆ గుంత పక్కన ఉన్న బెంగళూరా మామిడి చెట్టుకు మాత్రం కాయలు పసిపిల్లలంత కాచేవి. వాటిని మేం తినకుండా, కారణం చెప్పకుండా, బంధువులకు బుట్టలతో పంపేవాళ్లం.

రాకెట్టు చూద్దామని ఒక పెళ్లివారిని శ్రీహరికోట దిక్కుకు తీసుకుపోయినప్పుడు ట్యాంకు నిండి దారి మధ్యలో పొంగింది. ఆసారి మామ కూడా బండిలోనే ఉన్నాడు. రోడ్డు పక్కనే జాకీ ఎత్తి, తూము తిప్పి, చిన్నాయనా మామా వెదురు కర్రలతో కంతను పొడిచి, పొడిచీ, చివరికి ఒకరినొకరు పొడుచుకున్నారు. అంతలో సముద్రం పక్కన రాకెట్టు లేచింది. పెళ్లివారు ఎటు చూడాలో తెలియక సగంమంది ఆకాశాన్ని, సగంమంది మావాళ్లను చూశారు. దేశం అంత బరువును అంతరిక్షానికి పంపింది గానీ మావాళ్లు బిందెడు మురికిని జానెడు కిందికి దించలేకపోయారు.

ఆఖరు యుద్ధం ఒక మే నెల మిట్టమధ్యాహ్నం. ముప్పై మంది గుండ్లు కొట్టించుకోవడానికి తిరుపతి పోయి వచ్చారు. గంధం డబ్బాల మూతలు, గిన్నెలు తోమే కొబ్బరిపీచు, ఇంకా ఏమేం వేశారో దేవుడికి తెలియాలి, తూము బిగుసుకుపోయింది. నేను అప్పుడు బ్యాంకులో ఉద్యోగం చేస్తూ సెలవు మీద వచ్చి, చిన్నమ్మ పక్కన చాప మీద కూర్చున్నాను. ఈసారి చిన్నమ్మ పట్టుబట్టి ఊళ్లో సెప్టిక్ గుంతలు తోడే పెద్దాయనను పిలిపించింది. నిదానస్తుడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, మరుగుదొడ్డి గదిలో నేల మీదున్న ఇనప మూత ఎత్తి, దీపం ఒకటి తాడుకు కట్టి లోపలికి దించాడు. దీపం ఆరిపోయింది.

"లోపల మంచిగాలి లేదు సామీ. మూత తీసి రెండు దినాలు పెట్టండి. మణిసిని దించే పని కాదిది. నా అన్న అట్లనే పొయినాడు" అన్నాడు.

"ఎవుర్నీ దించొద్దు. రెండు దినాలు కాకుంటే నాలుగు దినాలు. ఎవురికి తొందర?" అంది చిన్నమ్మ.

తొందర చిన్నాయనకు. మర్నాడు ఇంకో కుటుంబం కంచికి పోవాలి. ఆయన సమ్మెట, ఉలి తెచ్చి, "ఈశాన్యంలో కంత కొడతా. పల్లం ఆడుంటే తూమూ ఆడే ఉండాల" అన్నాడు.

మామ ట్యాంకుకు అడ్డంగా నిలబడ్డాడు. "మా అక్క తాళిబొట్టు ఆ మూలలో ఉండాది బావా. నన్ను కొట్టినాకనే దాన్ని కొట్టు."

ఇంతటి సౌకర్యం చిన్నాయనకు ఎప్పుడూ దొరకలేదు. కొట్టాడు. వెదురు కర్ర విరిగేదాకా కొట్టి, విరిగిన ముక్కలతో విడివిడిగా కొట్టాడు. మామ ఆయన భుజం కొరికి, గుంతగట్టు మీద పడేసి, పైనెక్కి గుద్దాడు. ఆ దుమ్ములోంచి మామ ముందుపన్ను ఒకటి ఎగిరి సరిగ్గా మా చాప మీద పడింది. నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ రోజుకు అదే ఆఖరుది.

"నీ శాస్త్రం మూసిన తూము నువ్వే తెరువు పోరా, మొగోడివైతే" అన్నాడు చిన్నాయన, రక్తం ఉమ్ముతూ.

ఆ మాట అనకుండా ఉండవలసింది. మామ లేచి జాకీ దించేశాడు. సరుకంతా ఈశాన్యానికి జారుకుంటే నైరుతి మూల పొడిగా ఉంటుందని ఆయన లెక్క. గడ్డపార పట్టుకుని బండెక్కాడు. చిన్నమ్మ "వద్దురా" అంటూ లేచింది. పెద్దాయన పరుగెత్తాడు. వాళ్లు చేరేలోపే మామ మూతలోంచి లోపలికి దిగిపోయాడు.

లోపలి నుంచి చప్పుడు మొదలైంది. ఠంగుమని ఒక పోటు, వెంటనే ఒక తిట్టు. ఇంకో పోటు, ఇంకో తిట్టు. చిన్నాయన తాతను, చిన్నాయన ట్రాక్టరును, ట్రాక్టరు తాతను. "బయటికి రా సామీ" అని పెద్దాయన మూత దగ్గర అరుస్తూనే ఉన్నాడు. పది పోట్లు పడ్డాయేమో. తర్వాతి పోటుకు తిట్టు లేదు. ఆ తర్వాత పోటూ లేదు. రేకు మీద ఏదో బరువు జారిన చప్పుడు, నైరుతి నుంచి ఈశాన్యానికి, ఆయన పెట్టించిన వాలునే పట్టుకుని, మెల్లగా.

మా మామ నోరు ఆగడం నేను అంతకుముందు ఎన్నడూ ఎరగను. నిద్రలో కూడా ఆగదది.

చిన్నాయన ఒక్క గంతులో బండెక్కి మూతలో కాలు పెట్టాడు. పెద్దాయన వెనక నుంచి నడుం పట్టుకున్నాడు. చిన్నాయన మోచేత్తో ఆయన దవడ మీద కొట్టాడు. పట్టు వదల్లేదు. ఇంకోసారి కొట్టాడు. "సంపినా ఇడవను. నువ్వు దిగితే రెండు శవాలు. పగలగొట్టు సామీ, ట్యాంకు పగలగొట్టు" అని, నోట్లో రక్తంతోనే, పెద్దాయన ఆయన్ని కిందికి ఈడ్చుకొచ్చాడు.

సైకిలు ఆనిస్తే మనిషిని పొలిమేర దాకా తరిమినవాడు సమ్మెట ఎత్తాడు. నేను చాలా కొట్లాటలు చూశాను, అవన్నీ పిల్లలాటలు. ఈశాన్యం మూల అతుకు మీద చిన్నాయన వేసిన దెబ్బలకు మామిడికాయలు రాలాయి, బండి అద్దాలు ఒక్కొక్కటే పగిలి ఆయన వీపు మీదే పడ్డాయి. తుప్పు తిన్న అతుకు చిట్లింది. ముప్పై మంది మురికి ఆయన ఎదురు రొమ్ముకు తగిలి వెనక్కి తోసింది. మళ్లీ వచ్చి కొట్టాడు. పెద్దాయన గడ్డపార దూర్చి రేకు వంచితే, చిన్నాయన ఉత్త చేతులతో దాన్ని తాటాకు చీల్చినట్టు చీల్చాడు. ఆ చేతుల మచ్చలు ఆయన చనిపోయేదాకా మాయలేదు. ముందు ఒక పాదం కనబడింది. ఇద్దరూ కలిసి లాగారు.

మామ నేల మీద నల్లగా, మెత్తగా పడి ఉన్నాడు. ఊపిరి కనబడలేదు. పెద్దాయన బోర్లించి వీపు చరిచాడు, నోట్లో వేలు పెట్టి శుభ్రం చేశాడు, మళ్లీ వెల్లకిలా తిప్పి రొమ్ము అదిమాడు. చిన్నమ్మ బిందెతో మొహాన నీళ్లు కొడుతోంది. చిన్నాయన చెంపలు వాయించడం మొదలుపెట్టాడు. అదీ కొట్టడమే, కాకపోతే ఆ కొట్టేవాడు ఏడుస్తున్నాడు. "లేరా నాయాలా. నేనెవుర్ని కొట్టాల ఇంక? లేరా." ఒక చెంప, ఇంకో చెంప. ఎంతసేపో నాకు తెలియదు. నా లెక్కకు ఒక యుగం.

చివరికి మామ ఒకసారి పొలమారి, కక్కి, కళ్లు తెరిచాడు. బావ మొహం చూశాడు. బావ వెనకున్న బండి చూశాడు. ముందుపన్ను లేని నోటితో, గాలి పోయే గొంతుతో అడిగాడు.

"ఈశాన్యంలోనా పగలగొట్టినావు?"

చిన్నాయన ఇంకొక్కటి కొట్టాడు. అది మాత్రం మనసారా కొట్టాడు.

మామను ట్రాక్టరులోనే ఆసుపత్రికి తీసుకుపోయారు. అయిదు రోజులకు ఇంటికి వచ్చాడు. ఆ సాయంత్రం చిన్నమ్మ పెద్దాయనను పిలిచి, ఇంకా వాపు దిగని ఆయన దవడకు తన చేత్తో పసుపు పట్టేసి, నడింట్లో పీటేసి అన్నం పెట్టింది. చిన్నాయన కట్టు కట్టిన చేతులతో వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. పెద్దాయనకు నమలడానికి చాలాసేపు పట్టింది.

బండిని చిన్నాయన మళ్లీ బాగు చేయించలేదు. చీలిన ఆ మూలలోంచి కోళ్లు దూరి గుడ్లు పెట్టేవి. మామ ఎప్పుడు వచ్చినా కొంచెంసేపు దాని పక్కన నిలబడి, "మా అక్కకు ఏ కీడూ రాలేదు సూడు" అని ఎవరికో చెప్పేవాడు. బావా బావమరుదులు మళ్లీ ఎన్నడూ చెయ్యి చేసుకోలేదు. చిన్నాయన తిట్టబోయి మధ్యలో ఆగిపోయేవాడు. మామ ఎక్కడ పలకకుండా పోతాడో అని ఆయన భయం.

ఆ డ్రైవరు టీ తాగి గ్లాసు ఇచ్చి, బండి తీశాడు. దారి పొడుగునా వెనక్కి తిరిగి ఏం చూస్తున్నావని తమ్ముడు రెండుసార్లు అడిగాడు. ఏం చెప్పను? కాలం కూడా మా మామ వాస్తు చెప్పిన ట్యాంకే. పల్లం ఒక మూలకు, తూము ఇంకో మూలకు పెట్టుకుని, మనం పోయిందనుకున్నదంతా లోపల అట్లాగే ఉంచుకుంటుంది.