వేట లేని రోజుల్లో కొలిచిన మిట్ట

నా ఉద్యోగ విరమణకు ముందటి వేసవిలో నన్ను నెల్లూరు తీరంలోని ఒక డివిజనుకు పంచాయతీ అధికారిగా వేశారు. ఇందుకూరుపేట వైపు కొన్ని పంచాయతీలను కొత్త పురపాలక సంఘంలో కలపాలని ప్రభుత్వం తలపెట్టింది. విలీనానికి ముందు ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టి, అభ్యంతరాలు విని, నివేదిక పంపడం నా పని.

ఒక మత్స్యకార పల్లె దగ్గర పని ఆగింది. విలీనం వాళ్లకు ఇష్టమే. కుళాయి నీళ్లు వస్తాయని ఆశ. కానీ ఆడవాళ్లు చేపలు ఎండబెట్టుకునే ఇసుక మిట్టను పట్టణ ప్రణాళికలో ‘ఖాళీ స్థలం, పార్కుకు అనుకూలం’ అని చూపారు. కొలతలకు వచ్చినవాళ్లు వేట నిషేధ కాలంలో వచ్చారు. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ మరపడవలు కదలవు. మిట్ట మీద చేప కనపడదు. ప్రణాళిక అలాగే ఖాయమైతే, ఎండబెట్టే చోటు లేక వాళ్లు పచ్చిచేపను వ్యాపారి అడిగిన ధరకు వదులుకోవలసిందే.

ఎండుచేపల మహిళా సంఘం అధ్యక్షురాలు సువార్తమ్మ మా ఆఫీసుకు వచ్చింది.

“ఎండాకాలం సెలవల్లో బడికి పొయ్యి, పిలకాయలు లేరు, మూసేద్దామన్నట్టుంది సార్ మీ వాళ్ల యవ్వారం!” అంది.

వేట మొదలయ్యాకే సభ జరపాలని పై అధికారికి రాసి, అనుమతి తెప్పించుకున్నాను. సభ మిట్ట మీదే పెట్టాలని సంఘం కోరింది. అదీ ఒప్పుకున్నాను.

సభ రోజు, కొత్త పురపాలక సంఘానికి వేసిన కమిషనరు వచ్చేసరికి మిట్టంతా నెత్తళ్ల చేపలు పరిచి ఉన్నాయి. కుర్చీలు ఎక్కడ వేస్తారని ఆయన అడిగారు.

“కుర్చీలెయ్యాలంటే చేపలెత్తాల. ఎత్తితే మళ్లా ఖాళీ అంటారు. కాసేపు నిలబడండి సార్,” అంది సువార్తమ్మ.

“నిలబడనీ అక్కా, కాకుల్ని తోలేదానికి మనిషి కావాల గదా!” అని వెనక నుంచి ఒకావిడ అందుకుంది. ముందు నవ్వింది కమిషనరే.

సభ నిలబడే జరిగింది. మురుగు కాలువకూ చెత్తబండి దారికీ పడమటి అంచున చోటు వదలడానికి మహిళా సంఘం ఒప్పుకుంది. మిగిలిన నేలను చేపలు ఎండబెట్టే స్థలంగా చూపడానికి కమిషనరు ఒప్పుకున్నారు. తీర్మానం అక్కడే రాసి, చదివి వినిపించాను. పల్లె చేతులెత్తి ఆమోదించింది. తర్వాత ఆ మార్పుతోనే ప్రణాళిక ఖాయమైంది.

ఒక ఊరిని కొత్త పాలనలో కలిపేటప్పుడు, ఆ ఊరు పనిలో ఉన్న రోజున వెళ్లి చూడాలి. కుర్చీల సంగతి తర్వాత.