అయాంగాను అమ్మ వాకిటికి చేర్చడం

టకొరాడి రేవులో కోకో బస్తాలు మోస్తూ ఓ మధ్యాహ్నం అయాంగా కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. అతనిది ఘనాకు ఉత్తరపు కొసన, బొల్గతంగా పక్క పల్లె. అతని తెగ ఫ్రాఫ్రా వాళ్ళు మగవాణ్ణి పుట్టినింటి వాకిట్లోనే పూడ్చుకుంటారు. అందుకని శవపేటికను వ్యానులో పెట్టించి, భార్య అరబా డ్రైవరు పక్కన కూర్చుంది. చేపలకు పొగబెట్టి అమ్ముకునే కోస్తా మనిషి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా దేశం నడుమనున్న కుమాసి ఊరు దాటి ఎరగదు.

కోకో తోటలు వెనక్కి పోయాయి. అడవి పలచబడింది. వోల్టా నది వంతెన దాటాక ఎర్రమట్టి, ఎండుగడ్డి, దూరదూరంగా షియా చెట్లు. ఆమె కంట చుక్క రాలేదు. దారిలో కొన్న కెంకే, పులిసిన మొక్కజొన్న ముద్ద, ఆకు విప్పకుండానే ఒళ్ళో ఉండిపోయింది.

"కాస్త తినక్కా. ఇంకా చాలా దూరముంది," అన్నాడు డ్రైవరు.

"ఆకలెయ్యట్లేదన్నా."

"ఇంత దూరం నుంచా సముద్రం దగ్గరికొచ్చాడు మీ ఆయన?"

"చేప కంపంటే గిట్టేది కాదు. అయినా వచ్చాడు."

ఆ గొంతు తనది కానట్టే వినిపించింది అరబాకు.

పల్లెలో గుండ్రటి మట్టి ఇళ్ళ మధ్య పేటిక దించగానే ఆడవాళ్ళు గొల్లుమన్నారు. అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇంతలో ఎవడో జనాన్ని తోసుకొచ్చి, పేటిక పక్కన చాపమీద వెల్లకిలా పడ్డాడు.

"లేరా కుక్కల దొంగా! పని ఎగ్గొట్టడానికి చచ్చినట్టు నటిస్తావా? కుక్క తలకాయ నా చేతిలో పెడితే గానీ నిన్ను కదలనివ్వను!"

అత్తగారు చీపురు తిరగేసింది. "తలకాయెందుకురా నీ మొహానికి? తోక నాక్కో!"

ఏడుస్తున్నవాళ్ళంతా నవ్వారు. మరిది అకోల్గో ఆమె భాష ఫాంతేలో వచ్చీరాకుండా చెప్పాడు: "వాడు బయోర్, దగాబా తెగవాడు వదినా. కుక్కకూరలో తలకాయ ఎవరిదని మాకూ వాళ్ళకీ తాతలనాటి పరాచికాలు. చావులో వాళ్ళు వెక్కిరించకపోతే పోయినోడికే పరువు తక్కువ."

బయోర్ ఆమె వైపు తిరిగాడు. అతని మాటలు అకోల్గో ఫాంతేలోకి మార్చి చెప్పాడు. "ఉప్పుచేపలు పెట్టి మావాణ్ణి చంపేశావు గదే, సముద్రపు కోడలా!"

కోస్తాలో ఈ మాటకు తలలు పగిలేవి. కోపం వస్తుందేమోనని అరబా చూసింది. రాలేదు.

"చేపే ముట్టేవాడు కాదు," అంది.

"మరేం తిని బతికాడు?"

"నా తిట్లు."

అకోల్గో అది వాళ్ళ భాషలో చెప్పగానే వాకిలంతా ఘొల్లున నవ్వింది. అరబా నవ్వలేదు, ఏడవనూ లేదు.

పూడ్చడం అయ్యాక అత్తగారు సజ్జ సంకటి ముద్దచేసి నోట్లో పెట్టింది. రుచి తెలియకుండానే మింగింది. ముసలావిడ ఇంకో ముద్ద చేసింది. అదీ మింగింది.

వ్యాను తిరిగి వెళుతుంటే అరబా ఎక్కలేదు.

"ఎన్నాళ్ళుంటావు వదినా?" అడిగాడు అకోల్గో.

"తెలీదు," అని, అత్తగారు పరిచిన చాపమీద అటు తిరిగి పడుకుంది.