పసిపాపను మెచ్చుకున్నందుకు

“నీ మనుమరాలు అచ్చం కోతిపిల్ల లెక్కుంది” అన్నాను, బ్యాంకాక్‌లో మేమున్న ఇంటి ముసలామెతో. “నీ కూతురు అంతకంటే వికారం” అందామె. ఇద్దరం పగలబడి నవ్వుకుని విడిపోయాం.

మా బిడ్డ రజిత కాలేజీ స్నేహితురాళ్లతో రెండు రోజులు అక్కడికి పోతూ నన్నూ లాక్కుపోయింది. మా ఆయన పోయినప్పటి నుంచి పటాన్‌చెరులో మందుబిళ్లల ప్యాకింగ్ తప్ప వేరే లోకం చూడనిదాన్ని. చవకగా వస్తుందని ఆ ముసలామె ఇంట్లో గది తీసుకున్నాం. దిగేసరికి ఆమె ఒళ్లో నెలల పసిపాప.

“అబ్బ, ఎంత ముద్దుగున్నవే బంగారం!” అన్నాను. రజిత ఫోను ఆ మాటను వాళ్ల భాషలో పలికింది. అంతే, ముసలామె మొహం మాడ్చుకుని పాపతో లోపలికి వెళ్లిపోయింది.

“ఏం జేసినవ్ ఆంటీ? గది ఖాళీ చెయ్యమంటే ఏడికి పోతం?” అని పిల్లలు ఒకటే పరేషాన్.

కాసేపటికి ఆమే వచ్చి ఆ ఫోనుతోనే తెలుగులో చెప్పించింది. పసిబిడ్డ అందంగా ఉందంటే దయ్యాలు విని ఎత్తుకుపోతాయట, వికారంగా ఉందనే అనాలట. దిష్టికి భయపడేవాళ్లం మేమూ కదా! పాపకు ఎదురుగా చేతులు తిప్పి, నా కణతల దగ్గర మెటికలు విరిచి చూపించాను. ఆమెకు అర్థమైంది. పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అది వెంటనే నా కొత్త చీర తడిపేసింది.

రజితా, నవ్వుడు ఆపి, ఇప్పటిదాక నేను చెప్పంగ నువ్వు రాసింది ఒకపారి సదువు బిడ్డా.