ఫైర్ ఛానెల్ కోసం కట్టేసిన తలుపు

ఇదంతా జరిగినప్పుడే రాసేదాన్ని, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు ఇంట్లో ఉన్న ఒక్క పలకా మా అన్నకిచ్చారు. ఆయన దాని మీద ఏడాదంతా కోడిపుంజు బొమ్మే గీశాడు. నేను యాభై దాటాక, నాలాగే ఇళ్లల్లో పనిచేసే ఒకావిడ దగ్గర శుక్రవారాలు కూర్చుని నేర్చుకున్నాను.

గల్ఫుకొచ్చాక మేముండేది హూరా అనే పేటలో, ఒక పాత బిల్డింగు పై అంతస్తులో. మా గుమ్మం పక్కనే డాబా తలుపు. మెట్లలో ఏదైనా అయితే ఆ డాబా మీదుగా పక్క బిల్డింగులోకి దాటాల్సిందే. వేరే దారి లేదు.

మా ఆయన డ్రైవరు. జిదాఫ్స్ బజారులో ఒక పాత సెట్టు కొన్నాడు. అందులో పాటలు రావు, వార్తలు రావు. గాలిలో పోయే వాకీటాకీ మాటల్ని వెతికి పట్టుకుంటుందట. దాంతో ఫైరింజన్ వాళ్లు ఏ ఛానెల్లో మాట్లాడుకుంటారో కనిపెడతానన్నాడు. కనిపెట్టి ఏం చేస్తారంటే, "తెలుసుకోడానికే" అన్నాడు. ఇంట్లో బియ్యం ఉన్నాయో లేవో ఏనాడూ తెలుసుకోని మనిషి.

కింది వాటాలో ఉండే కరీంనగర్ తమ్ముడొకడు జత కలిశాడు. వీధిలో సైరన్ వినబడితే చాలు, పెళ్లి భోజనానికి పిలిచినట్టు ఇద్దరూ సెట్టు దగ్గరికి పరుగు. అంకెలు గిర్రున తిరిగి ఎక్కడో ఆగేవి. సెట్టు గుర్రుమనేది.

"గిదే అక్కా, ఫైరోళ్లదే!"

"ఏమంటున్నారు తమ్ముడూ?"

"కోడ్‌ల మాట్లాడుతరక్కా, మనకు సమజ్ గాదు."

"సమజ్ కానిదానికా ఈ గంతులు?"

మర్నాడు ఏ సైరనూ లేకుండానే అదే గుర్రు వచ్చేది. మళ్లీ మొదటికి. ఎవరిదో కొంప కాలితేగానీ వీళ్ల లెక్క తేలదు. తాము ఎదురుచూస్తున్నది దానికోసమేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. డాబా మీద యాంటెన్నా గొట్టం నిలబెట్టాడు. గాలికి తలుపు కొట్టుకుని గొట్టం కదిలిపోతోందని, గడియకి ఇనప తీగ చుట్టి బిగించేశాడు.

"పొగొస్తే ఎటు పోతామండీ?"

"పొగొస్తే అందరికన్నా ముందు మనకే తెలుస్తాదే. సెట్టుంది కదా!"

ఒక సాయంత్రం కింద కరెంటు మీటర్ల పెట్టె అంటుకుంది. మెట్ల నిండా నల్లటి పొగ. రెండో అంతస్తు మలయాళీ అమ్మాయి చంటిపిల్లని తువ్వాల్లో చుట్టుకుని పైకి పరిగెత్తుకొచ్చింది. ఇద్దరం డాబా తలుపు తోశాం. తీగ కదల్లేదు. నా గోళ్లు విరిగాయి. ప్లయరు చూస్తే కింద కార్లో ఉంది.

"ఏవండీ, రండి!" అని అరిచాను.

"ఉండవే! ఇవాళ తేలిపోద్ది ఏ ఛానెలో!"

ఆ అమ్మాయిని మా గదిలోకి లాగి, తలుపు కింద తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర నిలబెట్టాను. పిల్ల దగ్గి దగ్గి ఏడ్చింది. ఏడుస్తోంది కదా, బతికుందనుకున్నాను. మా ఆయన మాత్రం అంకెలు తిప్పుతూనే ఉన్నాడు.

ఫైర్ వాళ్లు మంట ఆర్పి పైకొచ్చారు. కట్టేసిన తలుపు చూసి, ఎవరి పని ఇది అని అడిగారు. వాళ్ల నడుములకే సెట్లు వేలాడుతున్నాయి, మాటలు వినబడుతున్నాయి. ఇన్నాళ్లూ వాటికోసమే వెతికిన మనిషి తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే కార్లోంచి ప్లయరు తెచ్చి తీగని ముక్కలు చేశాను. గొట్టం పీకి, డాబా గోడల మీద అడ్డంగా వేసి, పొగ కంపు కొడుతున్న దుప్పట్లూ ఆ పిల్ల బట్టలూ దాని మీద ఆరేశాను.