హాజరు అనుకొని వేసిన వేలిముద్ర

2023లో, ఉగాదికి ఇంకా పది పన్నెండు రోజులు ఉన్నాయనగా మొదలైన సంగతి ఇది. చండ్రుగొండ నుంచి అడవి వైపు పోయే దారిలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. అందులో అప్పటికి నాకు పందొమ్మిదేళ్ల సర్వీసు. నేను చదివింది మూడో తరగతి. కూడబలుక్కొని చదువుతాను, అంకెలు మాత్రం తప్పు రాయను. ఆ మాత్రం చదువుకే నన్ను పీలింగ్ హాలుకు మేస్త్రిని చేశారు.

జీడిగింజ పెంకు పగలగొట్టడాన్ని కటింగ్ అంటారు. అది వేరే షెడ్డు. పెంకులో ఉండే నూనె చేతులను కాలుస్తుంది కాబట్టి ఆ పనికి ఎవరూ ఇష్టంగా పోరు. లోపలి పప్పును డ్రయర్‌లో, అంటే వేడిగాలి పెట్టెలో, ఆరబెడితే పైనున్న ఎర్రపొట్టు పట్టు వదులుతుంది. దాన్ని గోటితోనో చిన్న చాకుతోనో, పప్పు విరగకుండా ఒలవడమే పీలింగ్. ట్రేలు దిగినాక ఆలస్యమైతే పప్పు తేమ పీల్చుకుంటుంది, పొట్టు మళ్లీ అంటుకుంటుంది. అందుకే పొద్దున గేటు దగ్గర ముచ్చట్లు పెడితే నేను ఊరుకునేదాన్ని కాదు.

గేటు లోపల నా బల్ల. ఎవరు ముందొస్తే వాళ్లు ప్యాడ్‌లో బొటనవేలు అద్ది హాజరు కాగితం మీద వేయాలి. పక్కన వాళ్ల టోకెన్ నంబరు నేను రాయాలి. ఒలిచేవాళ్లు నలభై మంది, హాలూ ఆఫీసూ ఊడ్చే లచ్చమ్మ ఒకతె, అందరిదీ ఒకటే వరుస. ప్యాడ్ ఎండితే నాలుగు చుక్కల నీళ్లు పోసి నడిపేదాన్ని. ఉన్నదాన్ని అరగదీయకుండా కొత్త ఇంకు సీసా అడగడం నాకు చేతకాదు. "పెద్దమ్మ ప్యాడ్‌ల ఏలు పెడితే ఏలు కడుక్కున్నట్టే" అని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వారు, ఏడాదికి ఒక్క సీసాతో గడిచేది.

ఆ ఏడు పొట్టు ఒలిచే మెషీన్ వచ్చింది. మేనేజరు సారు హాలులోకి వచ్చి అందరికీ చెప్పాడు.

"ఎవరి పనీ పోదు. పెనుబల్లి అవతల మనకే ఇంకో యూనిట్ ఉంది. వచ్చే నెల నుంచి అందరికీ అక్కడ పని."

"ఏం పని సారూ?" అని వెనక నుంచి ఒకామె అడిగింది.

"ఏదో ఒక పని. కటింగ్‌లో మనుషులు కావాలె."

అందరూ మళ్లీ తలలు వంచి పప్పు ఒలవడంలో పడ్డారు. ఈ పల్లెల వాళ్లు ఎదురుగా నిలబడ్డ మనిషికి 'కాదు' అని చెప్పరు. 'చూద్దాంలే' అని ఇంటికి పోతారు. సారు దాన్ని ఒప్పుకోవడం అనుకున్నాడు.

రెండు రోజుల తరువాత పొద్దున నేను బల్ల తుడుస్తుంటే ఆయన ఇంకో కాగితం తెచ్చి పెట్టాడు.

"మేస్త్రమ్మా, ఇయ్యాల రెండు కాయితాల మీద వేయించు. పైనుంచి ఆడిట్ ఉంది."

కాగితం మీద నాలుగు వరుసల టైపు ఉంది. తెలుగులోనే ఉంది. చదవాలంటే నాకు పావుగంట. డ్రయర్ నుంచి ట్రేలు దిగుతున్నాయి, బస్సు దిగినవాళ్లు గేటు దాకా వరుస కట్టారు. "జల్దీ, జల్దీ! ఇక్కడొకటి, అక్కడొకటి" అని నేనే తొందరపెట్టాను. నలభై ఒక్కమంది వేశారు. పక్కన టోకెన్ నంబర్లు నా చేత్తోనే రాశాను.

నెల చివర ముత్తమ్మ ఆఫీసుకు పోయింది. పదకొండేళ్ల సర్వీసు ఆమెది. హాలులో ఆమె ఒలిచినంత పప్పు ఇంకెవరూ ఒలవలేరు, ఆమె ట్రేలో విరిగిన పలుకు కనపడదు. ఊరు టేకులపల్లి వైపు అడవిలో. బస్సు దిగినాక మూడు కిలోమీటర్లు నడక. నన్ను కూడా తోడు రమ్మంది.

"సారూ, నేను పెనుబల్లి పోను. రెండు బస్సులు మారాలె, ఇంటికొచ్చేసరికి చీకటైతది. ఇప్పపూలు రాలే కాలం, అవి తిననీకి బాట మీదికి ఎలుగ్గొడ్లు దిగుతయ్. నాకు రావాల్సిన పరిహారమేదో ఇయ్యుండ్రి. మాకున్న రెండెకరాల్ల బోరేయించుకుంటం."

"పరిహారమేంది? మేం తీసేస్తే గద? నీకు పని చూపిస్తే నువ్వే వద్దంటున్నవ్. అదీగాక నువ్వు రాజీనామా చేసినవ్." ఆయన ఆడిట్ అని ముద్రలు వేయించిన ఆ రెండో కాగితం తీసి నా ముందు పెట్టాడు.

అప్పుడు చదివాను. 'మేము మా ఇష్టపూర్వకంగా ఇక్కడి పనికి రాజీనామా చేస్తున్నాము. కొత్త యూనిట్‌లో కొత్తగా చేరుతాము. పాత సర్వీసు గురించి ఏమీ అడగము.' కింద వెలిసిపోయిన వేలిముద్రలు, పక్కన నా అంకెలు.

బయటికి వచ్చినాక ముత్తమ్మ గేటు దగ్గర నా బల్ల ముందు ఆగింది. ప్యాడ్ చూపించి అంది:

"పెద్దమ్మా, ఏలు పెట్టుమన్నది నువ్వే గద. నువ్వు సదువుతవని మేం సదవకపోతిమి."

"నేను చదవలేదే."

"మరి నీకు సదువెందుకు?"

పందొమ్మిదేళ్లలో నాతో అట్లా మాట్లాడినవాళ్లు లేరు. మాట్లాడనిచ్చేదాన్ని కాదు.

మరుసటి వారం ఇద్దరం కొత్తగూడెంలో లేబర్ ఆఫీసుకు పోయి అర్జీ పెట్టుకున్నాం. అక్కడి మేడం మేనేజరు సారును కూడా పిలిపించింది. ముందు మాకు విషయం విడమరిచి చెప్పింది.

"మనిషి అవసరం లేదని యజమాని పనిలోంచి తీసేస్తే దాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారమ్మా. నెల ముందు నోటీసు ఇవ్వాలి, నిండిన ప్రతి ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల కూలి లెక్కన పరిహారం ఇవ్వాలి. తనంతట తను మానేసిన మనిషికి మాత్రం అది రాదు. అందుకే ఈ కాగితంతో చిక్కు."

"వేరే పని ఇస్తామన్నం గద మేడం" అన్నాడు సారు.

"ఇవ్వండి, తప్పు లేదు. కూలి ఎంత, దూరం ఎంత, పాత సర్వీసు కలుస్తుందా లేదా, అన్నీ రాసిచ్చి అడగాలి. వీళ్లనేమో కొత్తగా చేరమంటున్నారు. పదకొండేళ్లు ఎటు పోయినట్టు?"

"వాళ్లు ఒప్పుకొని వేలిముద్ర వేసిండ్రు. ఎవరినీ బలవంతం చెయ్యలే."

మేడం కాగితాన్ని నా వైపు తిప్పింది. "ఈ అంకెలు నీవేనా?"

"నావే. రాజీనామా అని నాకు తెలియదు, వాళ్లకూ తెలియదు. హాజరు అనుకొనే వేయించిన."

"తెలియదని అందరూ అంటరు మేడం" అని సారు నవ్వాడు. "మేస్త్రమ్మ చదువుకున్న మనిషే."

ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. కాగితం దగ్గరికి లాక్కొని పైనుంచి ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ వచ్చాను. ఆ పొద్దున గేటు దగ్గర వరుస ఎట్లా ఉందో అట్లే ఉంది. ముందు బస్సు వాళ్లు ముందు, వెనక బస్సు వాళ్లు వెనక. ఎనిమిదో ముద్ర పక్కన నలభై ఒకటి అని ఉంది.

"మేడం, నలభై ఒకటి లచ్చమ్మ టోకెన్. ఆమె పప్పు ఒలవదు, ఊడుస్తది. ఆమెను ఎక్కడికీ పొమ్మనలే. మరి ఆమె ఎందుకు రాజీనామా చేసింది?"

మేడం సారు వైపు చూసింది. "ఆమె ఇప్పుడెక్కడుంది?"

సారు కాగితం తన వైపు లాక్కోబోయాడు.

"ఇయ్యాల పొద్దున కూడా సారు కుర్చీ కింద ఊడ్చింది" అంది ముత్తమ్మ. "జీతం కూడ తీసుకున్నది. రాజీనామా చేసినట్టు పాపం దానికి తెల్వదు."

మేడం నవ్వు ఆపుకొని ఆ ముద్రలు వేసిన రోజు హాజరు కాగితం కూడా తెప్పించమంది. రెండింటినీ పక్కపక్కన పెట్టింది. అదే వరుస, అవే ముద్రలు. ఆ పొద్దున ఆలస్యంగా వచ్చిన ఇద్దరు అక్కడా చివరే, ఇక్కడా చివరే. "దీన్ని రాజీనామా అని నేను అనుకోలేను" అంది. "ఇది కోర్టు దాకా పోతే మీకే ఇబ్బంది. పైవాళ్లతో మాట్లాడుకొని రండి."

ఇంకో రెండుసార్లు తిరిగినాక ఒప్పందం కుదిరింది. కొత్త యూనిట్‌కు పోతామన్నవాళ్లకు పాత సర్వీసు కలుపుతూ, కూలి తగ్గకుండా కాగితం రాసిచ్చారు. పోలేమన్న వాళ్లకు నోటీసు జీతం, పరిహారం. ఇరవై ఆరు మంది పోయారు, పద్నాలుగు మంది పరిహారం తీసుకొని మానేస్తామన్నారు. అందరూ సంతోషపడ్డారని చెప్పను. పోయినవాళ్లలో కొందరి చేతులు పెంకు నూనెకు బొబ్బలెక్కాయి. నన్ను గేటు బల్ల మీద నుంచి తీసి గ్రేడింగ్‌లో, అంటే పప్పును సైజుల వారీగా ఏరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. మేనేజరు సారు చెడ్డవాడని నేను అనను, పైవాళ్లు చెప్పింది చేశాడు. నేనూ అంతే చేశాను. ఇద్దరం చేసింది ఒకటే కాబట్టి ఆయన్ని తిట్టే హక్కు నాకు సగమే ఉంది.

ఈ కేసుతో నాకు తెలిసింది ఏమంటే, వేరే పని ఇస్తామన్నప్పుడు ముందు ఆ పని గురించి కాదు, పాత పని ఏమవుతుందని అడగాలి. నలుగురి తరఫున చదివే మనిషి చదవకపోతే అది ఆ ఒక్క మనిషి తప్పుగా ఆగదు, నలుగురి మెడకూ చుట్టుకుంటుంది.

పరిహారం ఇచ్చే రోజు రసీదు మీద వేలిముద్రలు తీసుకోవడానికి నన్నే పిలిచారు. ముత్తమ్మ మొదట వచ్చింది. వేలు ముందుకు చాపింది, ప్యాడ్‌కు జానెడు పైన ఆపింది.

"సదువు పెద్దమ్మా."

తారీఖు దగ్గర మొదలుపెట్టి అడుగున ఉన్న చివరి వరుస దాకా అందరికీ వినపడేట్టు చదివాను. ఒకచోట తడబడితే మళ్లీ వెనక్కి పోయి చదివాను. సారు గడియారం చూసుకుంటున్నాడు. వెనక పదమూడు మంది నిలబడి ఉన్నారు, ఒక్కరూ కదల్లేదు. అయిపోయింది అన్నాక ముత్తమ్మ వేలు దించింది.

ముద్ర నల్లగా, గీతలతో సహా పడింది. ఇంకు సీసా ఆ పొద్దునే నా డబ్బుతో కొన్నాను. నీళ్లు కలపలేదు.