లచ్చయ్య కుడి బొటనవేలు

పరదేశంలో ఇల్లు లేని మన రోగికి గది, వైద్యం ఇప్పించడానికి మన ఎంబసీలో ప్రభుత్వ నిధి ఉంది. అది ఉండగానే లచ్చయ్య సౌదీలోని హఫర్ అల్ బాతిన్‌లో ఫ్లైఓవర్ కింద, సిమెంటు సంచుల మీద చచ్చిపోయాడు. ఆ నిధి మనలాంటి వాళ్లు కట్టిన రుసుములతో పోగైంది. ఎవడి జేబులోదీ కాదు.

దయ్యాల మాట ఎత్తితే నవ్వేవాణ్ని. మాది కడప జిల్లా. ఈ ఊళ్లో ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. బడికి పోలేదు, పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువు నేర్చుకున్నాను. చదువురాని వాళ్లకి అర్జీలు రాసిపెడతాను. కంటితో చూసింది, కాగితం మీద ఉన్నది, ఈ రెండే నమ్ముతాను. అందుకే ఈ సంగతి నన్నింత సతాయిస్తోంది.

లచ్చయ్యది జగిత్యాల వైపు. కట్టడం పనిలో ఫోర్‌మన్ కొడుతుంటే లేబర్ ఆఫీసుకి ఫిర్యాదు రాసిచ్చింది నేనే. దాని మీద అతను వేలిముద్ర వేశాడు. క్యాంపులోంచి గెంటేసి, పనిలోంచి పారిపోయాడని పోలీసులకి రాసిచ్చారు. ఫ్లైఓవర్ కింద చేరాడు.

సోమవారం ఎండ నెత్తిన ఉండగా ఫోర్‌మన్ అక్కడికే వచ్చాడు. నా దుకాణం ఎదురుగానే. ముద్రేసిన వేలు ఏదని అడిగాడు. లచ్చయ్య కుడిచెయ్యి ఫుట్‌పాత్ అంచు మీద పెట్టి, బూటుతో తొక్కిపట్టి, ఇనప పైపుతో ఐదారు దెబ్బలు వేశాడు. అడ్డం పడితే నా పళ్లూ రెండు రాలాయి. బొటనవేలు ఉన్నచోట నలిగిన మాంసం తప్ప ఏమీ మిగల్లేదు. నా ఎర్రగళ్ల తువ్వాలు చుట్టి బిగించాను. దాని అంచు నేనే నీలం దారంతో కుట్టుకున్నాను.

ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, గడువు దాటిందని క్లినిక్‌లో కట్టు కూడా కట్టలేదు. నిధి కార్యాలయానికి ఫోన్ చేశాను. శుక్రవారం మీ ఊళ్లోనే శిబిరం పెడుతున్నామని, మనిషి స్వయంగా వచ్చి కుడి బొటనవేలి ముద్ర వేస్తేనే గది, ఆసుపత్రి మంజూరవుతాయని గుమాస్తా చెప్పాడు. ఆ వేలే లేదయ్యా అంటే, నిబంధన అన్నాడు.

నా గదికి రమ్మంటే లచ్చయ్య రాలేదు. పారిపోయినవాణ్ని దాచినందుకు నన్నూ ఇంటికి పంపేస్తారని అతని భయం. బుధవారానికి చెయ్యి మోచేతిదాకా నల్లబడింది.

“ఏలే లేకపాయె చాచా, ఏం ముద్రేయాలె?” అని నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. “సచ్చినా సరే, శుక్రవారం పోవల్ల. ముద్ర ఏయల్ల. ఏసిందాకా నాకు మొగం సూపిచ్చాకు.”

“సరే తియ్యి, పోత.”

గురువారం మధ్యాహ్నం పోయాడు. కళ్లు మూసింది నేనే. పోలీసుల వెంట శవాగారం దాకా వెళ్లాను. చేతికి తువ్వాలు ఉంది. శవాన్ని చేర్చిన రోజు, వేళ రాసిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

శుక్రవారం శిబిరానికి పోయి వాళ్లను కడిగెయ్యాలనుకున్నాను. దవడ వాచి, జ్వరంతో లేవలేకపోయాను. శనివారం శవాగారంలో చూస్తే తువ్వాలు లేదు. తాళమే తియ్యలేదని కాపలాదారు ఒట్టు పెట్టాడు. దొంగవని అతని గల్లా పట్టి గోడకేసి కొట్టాను. ఇప్పుడు సిగ్గేస్తుంది.

మీ నిబంధనే మనిషిని చంపిందని ఆ కార్యాలయానికి ఉత్తరం మీద ఉత్తరం రాశాను. ఎనిమిది నెలలకు జవాబు వచ్చింది. అందులో సగానికి నేనే కారణం చెప్పగలను. ఫైలు మూయడానికి గుమాస్తాలు ఏమైనా రాస్తారు. మిగతా సగానికి ఇవాళ్టికీ చెప్పలేను.

“లచ్చయ్య గారు శుక్రవారం శిబిరానికి స్వయంగా హాజరై కుడి బొటనవేలి ముద్ర వేసినందున గది, వైద్యం మంజూరు చేయడమైనది. తదుపరి వారు రాలేదు. వారు బల్ల మీద వదిలివెళ్లిన తువ్వాలు, ఎర్రగళ్లు, నీలం దారపు అంచు, రక్తపు మరకలు గలది, కార్యాలయంలో భద్రపరచడమైనది. స్వయంగా వచ్చి తీసుకువెళ్లగలరు.”