నాగల్‌గిద్దలో కారు పంచాయితీ

నా చిన్ననాటి దోస్తు మల్లేశం భార్యను అడగకుండా కారు కొన్నాడు. మర్నాడే ఆమె, సునంద, నాగల్‌గిద్దలోని పుట్టింటికి వెళ్లిపోయింది. "నువ్వొచ్చి ఒక్క మాట చెప్పురా, నీ మాటైతే ఇంటది" అని వాడు ఫోన్ చేస్తే, జనవరి చివర్లో ఒక ఆదివారం పొద్దున ఆరుంబావుకు హైదరాబాదులో నారాయణఖేడ్ బస్సెక్కాను.

సంగారెడ్డి దాటాక పక్క సీటు పెద్దాయన ఏం పని మీద పోతున్నావని అడిగాడు. కారు పంచాయితీ అని చెప్పాను.

"కారు పంచాయితీకి బస్సుల పోతున్నవా?" అని ఆయన జోగిపేట దాకా నవ్వుతూనే ఉన్నాడు.

తొమ్మిదిన్నరకు నారాయణఖేడ్‌లో దిగి, బస్టాండు ఎదురుగా ఇడ్లీ తిని చాయ్ తాగాను. అంతలో మల్లేశం కారు తెచ్చాడు. వాడిది ఆ ఊళ్లోనే కందుల వ్యాపారం. వెనక సీట్లో మామగారి కోసం కందిపప్పు మూట ఉంది. దానికి బెల్టు కూడా పెట్టాడు.

"పెట్టకపోతే మనిషి కూసున్నడనుకొని కారు కుయ్‌కుయ్‌మని ఒర్లుతది," అన్నాడు.

పదింటికి బయల్దేరాం. ఊరు దాటగానే పాఠం మొదలైంది. "గీ అద్దం ఎనక కెమెరా ఉన్నది. రోడ్డు మీది తెల్లగీతలు, మనుషులు, బండ్లు అన్నీ గుర్తువడ్తది. ముంగట బంపర్ల రాడార్. అది తరంగాలు ఇడుస్తది, అవి ముందటి బండికి తాకి మల్ల వస్తయ్. గట్ల దూరమెంతనో దానికి తెలుస్తది. దగ్గరికి పోతే ముందు కూస్తది. ఇనకుంటే అదే బ్రేకేస్తది."

"మరి నీకేం పని?"

"నేను ఓనర్‌ను."

అరవైకి స్పీడు పెట్టి, ఇక అదే పోతుందని పెడళ్ల మీంచి కాళ్లు రెండూ వెనక్కి తీశాడు. కాసేపటికి జొన్న చొప్ప వేసుకున్న ట్రాక్టరు మా ముందు కనబడింది. కారు దాని స్పీడుకే తగ్గి, మర్యాదగా ఖాళీ వదిలి నడవసాగింది. ఆ ఖాళీలో ఒక ఆటో దూరింది. కారు ఇంకాస్త తగ్గి మళ్లీ ఖాళీ వదిలింది. అందులో రెండు మోటారు సైకిళ్లు దూరాయి.

"అందరికీ జాగ ఇచ్చుకుంట పోతే మనం ఎనకకే పోతం గదరా," అన్నాను.

"దాన్ని చెడగొట్టకు," అన్నాడు మల్లేశం.

తరువాత గీతల్లేని కొత్త రోడ్డు వచ్చింది. స్టీరింగు వెనక తెర మీద గీతల బొమ్మ మాయమై కెమెరా ఊరుకుంది. ఇక బండి వంకర్లు పోయినా అడిగేవారు లేరు. మళ్లీ గీతలు కనబడగానే కారు ఆ వంకరను పట్టేసి, వాడికి నిద్రొస్తోందనుకుని చాయ్ కప్పు బొమ్మ చూపి విశ్రాంతి తీసుకొమ్మంది. వాడు వెంటనే బండి ఆపి చాయ్ తాగాడు. అలా రెండుసార్లు. పాతిక కిలోమీటర్ల దారికి పన్నెండయింది.

సునంద తండ్రి సంగప్ప గడపలోనే "బర్రి, కూడ్రి" అంటూ సరిహద్దు కన్నడంలో పిలిచి కూర్చోబెట్టాడు. సునంద జొన్నరొట్టెలు వడ్డించింది. నేను గొంతు సవరించుకుని, కారు ఎంత మంచిదో చెప్పాను. దగ్గరికి పోతే హెచ్చరిస్తుంది, పక్కకు జరిగితే హెచ్చరిస్తుంది, నిద్రొస్తే ఆగమంటుంది.

సునంద గిన్నె కింద పెట్టింది. "అన్నా, మోటరు సైకిల్ ఎనక కూసొని పదేండ్ల సంది నేను చెప్తున్నదేంది? దూరం పో, పక్కకు చూడు, నిద్రొస్తే ఆగు. నేను చెప్తే చికాకు. ఇప్పుడు పైసలు వెట్టి కొనుక్కొచ్చి మరీ ఇంటుండు."

మల్లేశం చేతిలోని రొట్టె కంచంలో పెట్టాడు. "అడగకుండ కొనుడు తప్పే. ఇంటికి పోదాం పా, సునంద," అన్నాడు.

"వస్త. గని నేను నడుపుత."

"దీనికి లైసెన్సు ఉన్నది అల్లుడా. పెండ్లికి ముందు నా ట్రాక్టర్ నా బిడ్డనే నడిపింది," అన్నాడు సంగప్ప.

మూడింటికి తిరుగు ప్రయాణం. సునంద స్టీరింగు రెండు చేతుల్తో పట్టుకుంది. ముందు బండికి దూరంగా ఉంది, ప్రతి మలుపుకీ సిగ్నల్ వేసింది. సగం దారి దాటినా కారు ఒక్కసారి కూడా కూయలేదు. వెనక కూర్చున్న మల్లేశం ముందుకు వంగాడు.

"ఏమే, కూస్తలేదేంది? ఖరాబైందా?"

"నడుపుడొస్తే దానికేం పని?"

నాలుగింటికల్లా నన్ను బస్టాండులో దింపారు. ఆ పరికరాలు మంచివే, అవి ఉన్న కారు నిశ్చింతగా ఎక్కవచ్చు. కాకపోతే ఎవరు నడుపుతున్నారో చూసుకుని ఎక్కండి. నా బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. మల్లేశానికి ఇంకా అనుమానం తీరలేదు. బంపరు ముందు గొంతుక్కూర్చుని తువ్వాలతో రాడార్ తుడుస్తున్నాడు. సునంద సీట్లోంచి లేవకుండా హారన్ కొట్టింది. వాడు తువ్వాల వదిలేసి ఎగిరి పక్కకు దూకాడు.